కౌలు చేను

2025 వైశాఖంలో ఒంగోలులో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర మా అత్తయ్య పక్కన కూచున్నావిడ అదేపనిగా ఈవిడ మొహంలోకే చూస్తోంది. చుట్టరికం కలుపుతుందేమో అనుకున్నాను. కాసేపాగి, "ఏమనుకోకండి పిన్నిగారూ... మిరపకాయల కుప్ప దగ్గర కూచుని ఏడ్చింది మీరే కదూ? ఫోన్లో చూశానండీ. పాపం, నాకూ కళ్ళ నీళ్ళొచ్చాయి" అంది.

మా అత్తయ్యకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కలుపుకున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏ ఫోన్లో?" అంది అత్తయ్య. ఆవిడ ఎడంచేత్తో ఫోన్ తీసి, కాసేపు వెతికి, చూపించనే చూపించింది. 40 సెకన్లు. నిండు పెళ్ళిపందిట్లో, ముందు వడ్డించిన విస్తరి పెట్టుకుని, 68 ఏళ్ళ మనిషి తన ఏడుపు తనే చూసుకుంది. చూసి, ఫోన్ ఆవిడకి ఇచ్చేసి, "పప్పు చల్లారిపోతంది, తినండమ్మా" అంది. తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ వీడియో పెట్టింది నేనే.

ఎందుకు పెట్టానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. గుంటూరులో బి.ఎ. చదివాను. మావారు స్పిన్నింగు మిల్లులో లెక్కలు చూస్తారు. ఇంటిపని అయ్యాక మిగిలిన వేళల్లో కథలు రాస్తాను. ఓ పాతిక దాకా అచ్చయ్యాయి. కరోనా తర్వాత కథలు వేసే పత్రికలు ఒకటొకటిగా తగ్గిపోయాయి. రాసినవి బీరువాలో చీరల కింద చేరుతుంటే, మా మరిది కొడుకు "పెద్దమ్మా, నీ కథలు నువ్వే చదివి వినిపించు. వీడియో చేసి నేను పెడతాను" అన్నాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సరేనన్నాను.

మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసేసి, చెమటలు కారుతుండగా కథ చదివేదాన్ని. మొదటి ఆర్నెల్లూ విన్నది మా అమ్మ, ఇద్దరు పిన్నులు, కాలేజీ స్నేహితురాలు. తర్వాత్తర్వాత ఎవరెవరో వచ్చారు. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ మీద రాసిన కథ వినడానికి ఒక్కసారిగా బోలెడుమంది వచ్చారు. సబ్‌స్క్రైబర్లు 4 వేలు దాటారు. నిజం చెప్పొద్దూ, ఆ అంకె చూసుకోవడం ఓ జబ్బులా పట్టుకుంది. స్టవ్ మీద పాలు పొంగుతుంటే నేను ఫోన్లో అంకె చూస్తూ నిలబడ్డ రోజులున్నాయి. మావారు ఏమీ అనలేదు గానీ, పాలగిన్నె తోమేటప్పుడు నాకే సిగ్గేసేది.

2024 ఎండాకాలంలో ఆ అంకె కదలడం మానేసింది. కథకి 3 వేల మంది వినేవాళ్ళు కాస్తా రెండొందలకి పడిపోయారు. అంతకు ముందు నెలా నేనే చదివాను, ఇప్పుడూ నేనే చదువుతున్నాను. ఏమైందో తెలీదు. గొంతు బాగాలేదేమో, కథలు పాతబడ్డాయేమో, నాకింక రాయడం చేతకాదేమో అని కుమిలిపోయాను. మనకిది అలవాటే కదండీ! కూర గిన్నెలో మిగిలిపోతే, తినేవాళ్ళు బయట బజ్జీలు తినొచ్చారేమో అని ముందు అనుకోం. ఉప్పెక్కువైందేమో అనుకుంటాం.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. ఆల్గరిథమ్ మారింది" అన్నాడు మావాడు.

అప్పుడు కూచుని వాడిచేత పాఠం చెప్పించుకున్నాను. నాకు అర్థమైనట్టు చెబుతాను. మనం పెట్టిన వీడియో మన సబ్‌స్క్రైబర్లందరికీ వెళ్ళిపోతుందని అనుకుంటాం కదా, వెళ్ళదు. ముందు కొద్దిమందికి చూపించి చూస్తారు. వాళ్ళు ఆగి చూస్తే ఇంకొంతమందికి. వేలితో పక్కకి నెట్టేస్తే అక్కడితో సరి. ఎవరికి ఏది చూపించాలో తేల్చే ఆ లెక్కనే ఆల్గరిథమ్ అంటారు. దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునే హక్కు ఆ కంపెనీదే.

వాళ్ళు మార్చుకుంటూనే ఉన్నారు. యూట్యూబ్ వాళ్ళు 2012 దాకా ఎంతమంది నొక్కారన్నదానికి విలువ ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు నుంచీ ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. పేరు చూసి నొక్కి వెళ్ళిపోయే వీడియోలు పడిపోయాయి, కూచోబెట్టేవి లేచాయి. 2018 జనవరిలో ఇంకో నిబంధన తెచ్చారు. ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నారు. అప్పటిదాకా మొత్తం 10,000 వ్యూస్ ఉంటే సరిపోయేది. చిన్న చిన్న చానళ్ళ వాళ్ళు రాత్రికి రాత్రి గడప బయట ఉండిపోయారు. అదే నెలలో ఫేస్‌బుక్ వాళ్ళు, ఇకమీదట పేజీల కన్నా మిత్రులు, కుటుంబసభ్యులు పెట్టినవే ముందు చూపిస్తామన్నారు. పేజీలు పెట్టుకుని చీరలమ్ముకునే వాళ్ళకి గిరాకీ తగ్గిందంటే తగ్గదూ మరి! 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ పొట్టి వీడియోలకి కొత్త లెక్క వచ్చింది. వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ కిందే జమ. అంకెలు పెరిగాయని అందరూ మురిసిపోయారు. డబ్బు లెక్కకి మాత్రం పాత పద్ధతే.

ఇదంతా వింటుంటే నాకు మా అత్తగారి ఊరు గుర్తొచ్చింది. పర్చూరు దగ్గర, నిన్నటి ప్రకాశం, 2022 నుంచీ బాపట్ల జిల్లా. నల్లరేగడి భూములు. పత్తి, మిరప వేస్తారు. సొంత చేను రెండెకరాలుంటే, ఇంకో మూడెకరాలు కౌలుకి పట్టి సేద్యం చేసే ఇళ్ళే ఎక్కువ. మాదీ అంతే. కౌలు చేనులో రాళ్ళేరి, ఎరువు తోలి, నాలుగేళ్ళు ఒళ్ళొంచి బాగుచేశాక, ఆసామి వచ్చి "వచ్చే ఏడు మావాడే చేసుకుంటాడంట" అంటే నోరెత్తడానికి లేదు. మన సబ్‌స్క్రైబర్లూ అంతేననిపించింది. మనం సంపాదించుకున్నాం అనుకుంటాం గానీ, ఉన్నది వాళ్ళ చేనులో.

కౌలురైతే నయం. ఆసామి ఎవరో తెలుసు. ఇంటికెళ్ళి అరుగు మీద కూచుని అడగొచ్చు, పోట్లాడొచ్చు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం రాసుకుంటే 11 నెలలైనా ఆ చేను అతనిది. రాసిచ్చే ఆసాములు ఎంతమంది అంటారా, అది వేరే కథ. ఇక్కడ పదకొండు రోజులకీ భరోసా లేదు. ఎవరి అరుగు మీద కూచుని అడగాలో తెలీదు.

మా వీధిలో జాకెట్లు కుట్టే అమ్మాయి ఉంది. భర్త లారీ మీద పోతాడు. 2019లో టిక్‌టాక్‌లో పాత పాటలకి మొహంలో భావాలు పలికించి వీడియోలు పెట్టేది. ఎంత బాగా చేసేదో! మిషను మీద కూచునే, మెడలో టేపు తీయకుండానే చేసేది. లక్షమంది చూసేవాళ్ళు. వీధిలో కొందరు మూతి విరిచారు గానీ, జాకెట్లు మాత్రం అక్కడికే తెచ్చేవాళ్ళు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. దేశం కోసం తీసుకున్న నిర్ణయం, దాన్ని నేనేమీ అనడం లేదు. కానీ ఆ అమ్మాయి లక్షమందిలో ఒక్కరి చిరునామా కూడా ఆమె దగ్గర లేదు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. అవే వీడియోలు అక్కడ పెట్టింది. వెతుక్కుంటూ వచ్చింది మూడొందల మంది. "ఊరంతా ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుందక్కా, ఎటెళ్ళారో చెప్పేవాళ్ళు కూడా లేరు" అంది. ఆ మాట నేను కథలో వాడుకుందామనుకున్నాను. ఇప్పటికీ వాడలేదు.

మరి ఇదే చేనులో పండించినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మన మస్తానమ్మ గారిని మర్చిపోగలమా? తెనాలి దగ్గర గుడివాడ ఊరావిడ. 2016లో మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి 'కంట్రీ ఫుడ్స్' పేరుతో యూట్యూబ్ చానల్ పెట్టారు. నూరేళ్ళు దాటిందని చెప్పుకునే మనిషి, చేలో పొయ్యి ముందు కూచుని వండితే ప్రపంచం చూసింది. పుచ్చకాయలో కోడికూర వండింది చూడండి, తెలుగు ముక్క రానివాళ్ళు కూడా చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి సబ్‌స్క్రైబర్లు 12 లక్షల పైమాటే. చిన్నతనంలోనే పెళ్ళయి, చిన్నతనంలోనే భర్తపోయి, కూలిచేసుకు బతికిన మనిషి. అంత పేరు వస్తుందని ఆవిడ ఆ గరిటె పట్టలేదు.

ఆవిణ్ణి చూసి ఊరూరా బామ్మల్ని పొయ్యిల ముందు కూచోబెట్టారు. అందరికీ అంత రాలేదు. ఎందుకు రాలేదంటే నాకు తోచింది ఒకటి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు పల్లెకి చవగ్గా దొరికింది. అప్పటికి యూట్యూబ్‌లో నిదానంగా సాగే వీడియోకి విలువుంది. పొయ్యి రాజేసిన దగ్గర్నుంచి వడ్డన దాకా ఆరేడు నిమిషాలు చూసే ఓపిక జనానికి ఉంది. అదను కుదిరింది. మిరప నారు ఏ వారంలో పోశామన్నదాన్ని బట్టి కాపు మారిపోతుందని మాకు తెలుసు. మంచి విత్తనం ఉంటే చాలదు. అలాగని విత్తనంతో పనిలేదనీ కాదు. ఆవిడ వండినప్పుడు నిజంగా వండింది, పెట్టినప్పుడు నిజంగా పెట్టింది. కెమెరా కోసం కొడుకునీ కోడల్నీ తిట్టలేదు.

నేను చేసింది ఏమిటో ఇక చెప్పక తప్పదు.

2025 ఫిబ్రవరి. గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. రెండేళ్ళ కిందట క్వింటా 20 వేలు చూసిన కళ్ళు, 10 వేలు, 11 వేలు చూశాయి. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. ఆ రోజుల్లో ఓ ఆదివారం మా ఊరెళ్ళాను. కథకి పనికొస్తాయని కళ్ళంలో ఎండబోసిన కాయల్ని ఫోన్లో తీసుకుంటున్నాను. అప్పుడే మా మామయ్య యార్డు నుంచి ఫోన్ చేశారు. టిక్కీలు దించలేదు, కొనేవాడు మొహం చూడలేదు. అత్తయ్య ఫోన్ పెట్టేసి కుప్ప మీద చెయ్యేసుకుని ఏడ్చింది. నా ఫోన్ తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు. దగ్గరకీ వెళ్ళలేదు. ఇందులో ఏది పెద్ద తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

రాత్రి మావాడికి పంపించాను. వాడు 40 సెకన్లకి కోసి, కింద విషాద సంగీతం పెట్టాడు. పేరు చెప్పను గానీ, ఓ పొట్టి వీడియోల చోట పెట్టాం. రెండు రోజుల్లో 3 లక్షల మంది! నాలుగేళ్ళలో నా కథలన్నీ కలిపి విన్నవాళ్ళు అంతమంది లేరు. కొత్తగా 6 వేల మంది సబ్‌స్క్రైబర్లు చేరారు. "ఇంట్లో ఇట్టాంటివి ఇంకేమైనా జరిగితే తియ్యి పెద్దమ్మా" అన్నాడు మావాడు. వాడు చెడ్డవాడు కాడు. చానల్ పెంచుకోవడమెలా అని చెప్పే గురువులంతా చెప్పేది అదే. మొదటి మూడు సెకన్లలో కట్టిపడెయ్యాలి, రోజూ ఒకటి పెట్టాలి, ఇంట్లో ఏది జరిగినా అది సరుకే. అత్తాకోడళ్ళ కీచులాట, పిల్లాడు ఫెయిలై ఏడవడం, ఆస్పత్రిలో సెలైన్ సీసా... చూడండి, రోజూ చూస్తూనే ఉన్నాం కదా!

ఆ తర్వాత వారం నా కథ పెట్టాను. 90 మంది విన్నారు. ముందున్న రెండొందలూ పోయారు! మావాడు తల గోక్కుని విప్పి చెప్పాడు. కొత్తగా వచ్చిన ఆరువేల మందీ ఏడుపు చూసి వచ్చినవాళ్ళు. యంత్రం నా కథని ముందు వాళ్ళకే చూపించింది. వాళ్ళు పక్కకి నెట్టేశారు. 'ఈవిడ కథలు ఎవరికీ అక్కర్లేదు' అని యంత్రం తేల్చుకుంది. నన్ను వినేవాళ్ళ దాకా కథ చేరనేలేదు. జనం పెరిగి వినేవాళ్ళు తగ్గడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కలుపు ఏపుగా పెరిగిన చేను దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది.

పెళ్ళి నుంచి వచ్చిన రాత్రి అత్తయ్య కాళ్ళ దగ్గర కూచుని, "తీసేస్తానత్తయ్యా. తప్పయిపోయింది" అన్నాను. నలుగుర్లో పరువు తీశావంటుంది, తిడుతుంది అనుకున్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

"ఏడ్చింది చూపిచ్చావు. ఎందుకేడ్చానో చెప్పలా" అంది చివరికి. "కౌలెంతో చెప్పావా? కూళ్ళెంతో చెప్పావా? మందులకెంతయిందో చెప్పావా? ఆ పందిట్లో ఆయమ్మ నన్ను చూసి పాపం అంది. కాయలెంతకి అమ్మారమ్మా అని అడగలా. నేనేదో చావు ఇంట్లో ఏడ్చినట్టు..."

నేను కథలు రాసేదాన్ని కదండీ, నాకు ఆ సంగతి తట్టలేదు! 40 సెకన్లలో ఏడుపు పడుతుంది, కారణం పట్టదు. యంత్రానికి కావలసింది ఆ పొట్టిదే. అంతమంది చూసిన దాంట్లో మా అత్తయ్య లేదు, ఎవరో ఏడ్చే ముసలమ్మ ఉంది.

వీడియో తీసేశాను. "పండిన చేను తగలబెట్టుకున్నావు" అన్నారు తెలిసినవాళ్ళు. అననివ్వండి. అసలు ఫోను జోలికే పోవద్దని నేననను. గడప దాటకుండానే నాలుగు రాళ్ళు, నలుగురి మెప్పు సంపాదించుకునే దారి మన ఆడవాళ్ళకి ఎన్నాళ్ళకి దొరికింది! దాన్ని మూసుకోమనడానికి నేనెవర్ని? కానీ చేను వాళ్ళదని తెలిసే విత్తుకోవాలి. ఇంట్లోవాళ్ళ కన్నీళ్ళు మాత్రం ఆ చేనుకి కౌలుగా కట్టకూడదు. వాళ్ళు ఒప్పుకున్నా, పసిపిల్లల విషయంలో అసలే కూడదంటాను. పెద్దయ్యాక చూసుకుని వాళ్ళేమంటారో మనకేం తెలుసు?

అద్దంకిలో మా పిన్ని కూతురు పండుమిరపకాయ పచ్చడి, గోంగూర పచ్చడి చేసి అమ్ముతుంది. వీడియోలూ పెడుతుంది. కానీ మొదటి రోజు నుంచీ ఓ చిట్టా పుస్తకం పెట్టుకుంది. కొన్న ప్రతివాళ్ళ పేరు, ఊరు, ఫోన్ నంబరు, కారం ఎక్కువ తింటారా తక్కువ తింటారా, అన్నీ రాస్తుంది. నేను నవ్వేదాన్ని, కిరాణా కొట్టు శెట్టిగారిలా ఆ పుస్తకమేమిటే అని. 2024లో దాని వీడియోలు చూసేవాళ్ళూ నాలుగో వంతుకి పడిపోయారు. పచ్చళ్ళు మాత్రం తగ్గలేదు. "చూసేవాళ్ళు పోయారక్కా, తినేవాళ్ళు నా పుస్తకంలో ఉన్నారు" అంది. ఇప్పుడు నేనూ ఓ పుస్తకం కొన్నాను. కథ బాగుందని ఫోన్ చేసినవాళ్ళ పేర్లు రాస్తున్నాను. 112 మంది అయ్యారు. కథ పెట్టిన రోజు వాళ్ళకి నేనే వాట్సాప్‌లో పంపిస్తాను. వాట్సాప్ మాత్రం ఇంకొకళ్ళ చేను కాదా అని మావాడు వెక్కిరించాడు. నిజమే. అందుకే పుస్తకం కాగితంది కొన్నాను.

ఆ తర్వాత ఓ రోజు అత్తయ్యే అడిగింది, "మళ్ళీ తీస్తావా అమ్మాయ్? నేను చెప్తా" అని. ఇస్త్రీ చీర కట్టుకుని, వరండాలో కుర్చీ వేయించుకుని కూచుంది. నారు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కౌలు ఎకరానికి 35 వేలు, దున్నకం, మందులు, కోత కూళ్ళు, యార్డుకి తోలిన కిరాయి, కమీషను... ఒక్క కాగితం చూడకుండా చెప్పింది. పెట్టుబడి ఎకరానికి 2 లక్షల 30 వేలు దాటింది, 20 క్వింటాళ్ళు పండితే 11 వేల చొప్పున 2 లక్షల 20 వేలు వచ్చింది. మధ్యలో ఓసారి గొంతు పట్టేసింది. "ఆపు" అంది. ఆపాను. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చెప్పింది. మొత్తం 22 నిమిషాలు. మావాడు కోస్తానన్నాడు. కొయ్యనివ్వలేదు.

పెట్టి రెండు నెలలైంది. రోజూ పొద్దున ఊరి నుంచి ఫోన్ చేస్తుంది.

"ఎంతమందమ్మాయ్?"

"నూట నలభై ఒక్కరు అత్తయ్యా."

"నిన్న నూట నలభయ్యేగా?" అంటుంది. కాసేపాగి, "ఆ ఒక్కరూ ఎవరంట? రైతులేనా?"